అలర్జీ మందు పని చేయట్లేదా? ముందు ఏ బాధకి ఏ మందు వేస్తున్నారో చూడండి

పొద్దున లేవగానే వరసగా పది పన్నెండు తుమ్ములు. ఆ వెంటనే కుళాయి తిప్పినట్టు ముక్కు కారడం, నలిపి నలిపి కళ్లు ఎర్రబడటం, అంగిట్లో వేలు పెట్టి గోక్కోవడానికి కుదరని చోటెక్కడో దురద. పదమూడో తుమ్ముకి డ్రాయరు లాగి ఒక మాత్ర మింగడం, గంటకి కాస్త నెమ్మదించడం, మధ్యాహ్నానికల్లా ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయి నోటితో ఊపిరి పీలుస్తూ "ఈ మాత్ర కూడా దండగే" అని తిట్టుకోవడం. ఏటా అవే ఐదారు వారాలు, చాలా ఏళ్లు నేను ఇలాగే లాక్కొచ్చాను. ఒక కంపెనీ మాత్ర మాని ఇంకో కంపెనీది, తెల్లది మాని పసుపుది. చివరికి తేలిందేంటంటే లోపం మాత్రలో లేదు. ముక్కు దిబ్బడకి ఆ మాత్ర పెద్దగా పని చేయదు. ఆ సంగతి మాత్ర చేసినవాళ్లకి తెలుసు, రాసిచ్చే డాక్టర్లకి తెలుసు, మింగే నాకే తెలియదు.

సీజన్ అలర్జీకి మంచి మందులే ఉన్నాయి. కాకపోతే ఒక్కో మందు ఒక్కో పని చేస్తుంది, ఒక్కోదానికి ఒక్కో టైం పడుతుంది, కొన్నింటిని వాడే పద్ధతి తేడా వస్తే మందు వేసుకున్నట్టే ఉంటుంది కానీ చేరాల్సిన చోటికి చేరదు. "ఏదీ పని చేయట్లేదు" అనేవాళ్లలో చాలామంది ఇబ్బంది ఈ మూడింట్లో ఏదో ఒకటి.

అసలు ముక్కులో ఏం జరుగుతోందో తెలిస్తే మిగతాదంతా సులువు. గాలిలో పుప్పొడి ఎప్పుడూ ఉంటుంది. చెట్లు, గడ్డి, కలుపు మొక్కలు, దేని సీజన్ దానిది, దానికి తోడు బూజు విడిచే రేణువులు. ఇవేవీ విషాలు కావు, చాలామంది రోజూ పీల్చి వదిలేస్తుంటారు. కొందరి శరీరం మాత్రం వీటిని శత్రువుల కింద జమ కట్టి ఐజీఈ అనే యాంటీబాడీలు తయారు చేసి పెట్టుకుంటుంది. అవి వెళ్లి ముక్కు లోపలి పొరలో, కళ్లలో ఉండే మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలకి అతుక్కుని కాచుకు కూర్చుంటాయి. ఇదంతా చప్పుడు లేకుండా జరుగుతుంది కాబట్టి మనకేమీ తెలియదు. తర్వాతెప్పుడో అదే పుప్పొడి మళ్లీ తగిలితే మాస్ట్ కణాలు లోపల దాచుకున్న ఒక రసాయనాన్ని, అంటే హిస్టమిన్‌ని ఒక్కసారిగా బయటికి కక్కేస్తాయి. నిమిషాల్లో తుమ్ములు, దురద, నీళ్లు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటాం. అయిపోదు. దాదాపు 4 నుంచి 8 గంటల తర్వాత రెండో విడత మొదలవుతుంది. ఈసారి ఇయోసినోఫిల్స్ లాంటి తెల్ల రక్తకణాలు ముక్కు పొరలోకి గుంపుగా వచ్చి చేరతాయి, పొర ఉబ్బుతుంది, గాలి వెళ్లే దారి ఇరుకైపోతుంది. పొద్దున తుమ్మినవాడికి మధ్యాహ్నం దిబ్బడ వేయడం వెనక ఉన్నది చాలావరకు ఇదే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇలా రోజుల తరబడి వాచి ఉన్న ముక్కు చాలా చిరాకుగా తయారవుతుంది, సీజన్ మొదట్లో గట్టిగా పుప్పొడి తగిలితే గానీ తుమ్మని మనిషి మూడో వారానికి రవ్వంత తగిలినా తుమ్ముతాడు. బయట పుప్పొడి తగ్గినా బాధ తగ్గకపోవడానికీ, బాధ ముదిరాక మందు మొదలుపెడితే ఆలస్యంగా పట్టు దొరకడానికీ కారణం అదే.

ఈ పుప్పొడి సంగతి కనిపెట్టిందీ ఒక బాధితుడే. 1819లో జాన్ బాస్టాక్ అనే లండన్ డాక్టరు ఏటా వేసవిలో తనకి వచ్చే ఈ జబ్బు గురించి రాశాడు కానీ కారణం పట్టుకోలేకపోయాడు. తర్వాత మాంచెస్టర్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే ఇంకో డాక్టరు, ఆయనకీ ఇదే బాధ, పుప్పొడిని తన ముక్కులో పెట్టుకుని చూశాడు, చర్మం గీరి దాని మీద రుద్దుకుని చూశాడు, జిగురు పూసిన గాజు పలకలని గాలిపటాలకి కట్టి ఎగరేసి పైన గాలిలో ఎంత పుప్పొడి ఉందో లెక్కపెట్టాడు. 1873లో అదంతా పుస్తకంగా వేశాడు. ఇంగ్లిష్‌లో దీన్ని ఇప్పటికీ హే ఫీవర్ అనే అంటారు. ఎండుగడ్డి దీనికి కారణం కాదు, ఇందులో జ్వరమూ ఉండదు, అయినా పేరు అలా అతుక్కుపోయింది.

జ్వరం మాట వచ్చింది కాబట్టి, మీది జలుబా అలర్జీనా అన్నది ముందు తేల్చుకోవాలి. జలుబైతే వారం పది రోజుల్లో పోతుంది, ఒళ్లు నొప్పులు, గొంతు నొప్పి, ఒక్కోసారి జ్వరం ఉంటాయి, ముక్కు నీరు పోను పోను చిక్కబడుతుంది. అలర్జీలో నీరు చాలావరకు పల్చగానే ఉంటుంది, వారాల తరబడి సాగుతుంది, అన్నిటికన్నా పెద్ద గుర్తు దురద. ముక్కు, కళ్లు, అంగిలి, చెవి లోపల. దురద అసలు లేకుండా ఎప్పుడూ దిబ్బడే ఉంటే, లేదా సెంటు వాసన, పొగ, చల్లగాలి తగిలితేనే ముక్కు కారుతుంటే అది అలర్జీ కాని వేరే రకం కావచ్చు, దానికి ఈ మాత్రలు పెద్దగా పని చేయవు. ఏడాది పొడుగునా, అందులోనూ పడుకున్నప్పుడూ లేచినప్పుడూ ఎక్కువైతే పుప్పొడిని కాదు, పరుపులో ఉండే, కంటికి కనిపించనంత చిన్న పురుగులైన డస్ట్ మైట్లని అనుమానించాలి.

అనుమానం తీరకపోతే చర్మం మీద చేసే పరీక్ష ఉంది. ముంజేతి మీద ఒక్కో పదార్థం ఒక్కో చుక్క వేసి సన్నగా గుచ్చుతారు, 15 నుంచి 20 నిమిషాల్లో దోమ కుట్టినట్టు దద్దురు వస్తే ఆ పదార్థానికి మీ ఒంట్లో ఐజీఈ ఉన్నట్టు. దీనికి ముందు కొన్ని రోజులు యాంటీహిస్టమిన్ మాత్రలు, అంటే మనం మామూలుగా వేసుకునే ఆ అలర్జీ మాత్రలు, ఆపాలి, లేకపోతే దద్దురు రాదు, పరీక్ష ఉత్తిదే అవుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. దద్దురు వచ్చినంత మాత్రాన మీ బాధకి కారణం అదేనని కాదు. పరీక్షలో నాలుగు రకాలకి దద్దుర్లు వచ్చి, నిజంగా ఏడిపించేది అందులో ఒక్కటే అయ్యుండొచ్చు. అందుకే ఏ నెలలో మొదలవుతుంది, ఎక్కడికి వెళ్తే ఎక్కువవుతుంది అన్న మీ సొంత లెక్క ఆ కాగితం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

ఇక మందులు. ముందు అందరికీ తెలిసిన యాంటీహిస్టమిన్ మాత్ర. పేరులోనే ఉంది, హిస్టమిన్ వెళ్లి కూర్చోవాల్సిన చోట ఇది ముందే వెళ్లి కూర్చుంటుంది. కాబట్టి హిస్టమిన్ చేసే పనులని, అంటే తుమ్ములు, దురద, నీరు కారడాన్ని బాగానే ఆపుతుంది. రెండో విడత వాపుని మాత్రం అంతగా ఆపలేదు, అందులో హిస్టమిన్ ఒక్కటే లేదు కాబట్టి. నా మధ్యాహ్నపు దిబ్బడ గుట్టు ఇదన్నమాట. పైగా కుర్చీలో ఒకడు కూర్చున్నాక వాణ్ని లేపడం కష్టం, ముందే మనవాణ్ని కూర్చోబెట్టడం తేలిక. అందుకే పదమూడో తుమ్ముకి వేసుకునే మాత్ర కన్నా, సీజన్ ఉన్నన్నాళ్లూ రోజూ ఒకే టైముకి వేసుకునే మాత్ర మెరుగ్గా పని చేస్తుంది.

ఇందులో పాతవీ కొత్తవీ ఉన్నాయి. క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ లాంటి పాతవి మెదడులోకి వెళ్తాయి, నిద్ర ముంచుకొస్తుంది. నిద్ర రాలేదు కదా అని బండి తీసినా చురుకుదనం తగ్గే ఉంటుంది, మనకి తెలియకుండానే. పెద్ద వయసువాళ్లకి, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లకి, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లకి ఇవి అస్సలు మంచివి కావు. ఇన్ని కొత్తవి ఉండగా రోజువారీ అలర్జీకి ఇంకా వీటిని వాడాల్సిన అవసరం నాకైతే కనిపించదు. లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్, సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ కొత్త తరానివి. వీటిలో సెటిరిజిన్ కొందరికి మత్తు తెస్తుంది, ఫెక్సోఫెనడిన్‌తో ఆ బెడద చాలా తక్కువ. కాకపోతే ఫెక్సోఫెనడిన్‌ని ఆపిల్, నారింజ, గ్రేప్‌ఫ్రూట్ లాంటి పండ్ల రసాలతో మింగకూడదు, మందు ఒంటికి పట్టడం బాగా తగ్గిపోతుంది. నీళ్లతోనే వేసుకోవాలి. సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ నెలల తరబడి రోజూ వాడి ఒక్కసారిగా ఆపితే కొందరికి, అరుదుగానే, ఒళ్లంతా విపరీతమైన దురద వస్తుంది. దీని గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025లో హెచ్చరిక కూడా ఇచ్చింది. అలా వస్తే కంగారుపడి సొంతంగా ఏదో ఒకటి చేయకుండా డాక్టర్ని అడగండి.

దిబ్బడ ఉన్నవాళ్లకి, రోజూ బాధ ఉన్నవాళ్లకి మాత్ర కన్నా ముందు చూడాల్సింది స్టెరాయిడ్ ముక్కు స్ప్రే. ఫ్లూటికసోన్, మోమెటాసోన్, బుడెసొనైడ్ లాంటివి. ముక్కు బాధలకి ఒక్క మందే ఎంచుకోవాలంటే దీన్ని మించింది లేదు. తుమ్ములు, కారడం, దురద, దిబ్బడ, నాలుగింటి మీదా పని చేస్తుంది, చాలామందికి కళ్ల దురద కూడా తగ్గుతుంది. అయినా దీన్ని సగంలో వదిలేసేవాళ్లే ఎక్కువ, నేనూ ఒకసారి వదిలేశాను, కారణాలు మూడు.

మొదటిది స్టెరాయిడ్ అన్న మాట వినగానే వచ్చే భయం. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగితే వచ్చే ఇబ్బందులు నిజమే, కానీ ఇది ముక్కు పొర మీద పడే చిటికెడు మందు. ఫ్లూటికసోన్, మోమెటాసోన్ స్ప్రేలలో రక్తంలోకి చేరేది 2 శాతం కంటే తక్కువ. మామూలుగా వచ్చే ఇబ్బంది ముక్కు ఎండిపోవడం, అప్పుడప్పుడు కాస్త రక్తం చార. పిల్లలు ఎక్కువ కాలం వాడితే ఎత్తు పెరుగుదల మీద ఒక కన్నేసి ఉంచమంటారు, గ్లకోమా ఉన్నవాళ్లు డాక్టరుకి ముందే చెప్పాలి.

రెండోది ఓపిక. ఇది హిస్టమిన్‌ని కాదు, వాపుని తయారు చేసే యంత్రాంగాన్నే నెమ్మదింపజేస్తుంది. కొన్ని గంటల్లో మొదలైనా పూర్తి ప్రభావం కనపడాలంటే రోజూ వాడుతూ ఒకటి రెండు వారాలు ఆగాలి. మూడు రోజులు కొట్టుకుని లాభం లేదని పారేస్తే అది మందు తప్పు కాదు. మీ సీజన్ ఎప్పుడో తెలిసి ఉంటే ఒకటి రెండు వారాల ముందే మొదలుపెట్టడం అన్నిటికన్నా తెలివైన పని.

మూడోది కొట్టుకునే పద్ధతి, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. నేను తల వెనక్కి వాల్చి, సీసా నిటారుగా పెట్టి, కసుక్కున నొక్కి, గట్టిగా ఎగపీల్చేవాణ్ని. మందంతా గొంతులోకి జారి నాలుక వెనక చేదుగా తగిలేది, అంటే ముక్కుకి వేసిన మందుని మింగుతున్నానన్నమాట. సరైన పద్ధతి దీనికి ఎదురు. ముందు ముక్కు మెల్లిగా చీదుకోవాలి. తల కొద్దిగా ముందుకి వంచాలి. కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో కొట్టుకోవాలి, అలా చేతులు మార్చితే సీసా మూతి దానంతటదే బయటి వైపుకి, అంటే అదే వైపు కంటి చివర దిశగా తిరుగుతుంది. రెండు రంధ్రాల మధ్య గోడకి గురిపెట్టకూడదు, రక్తం వచ్చేది ఎక్కువగా అక్కడి నుంచే. నొక్కుతూ పువ్వు వాసన చూసినంత మెల్లిగా పీలిస్తే చాలు. వెంటనే చీదకూడదు. గొంతులో మందు రుచి తగిలిందంటే గట్టిగా పీల్చేశారని లెక్క. సీసాని వాడే ముందు ఊపడం, కొత్త సీసా అయితే తుంపర సరిగ్గా వచ్చేదాకా గాలిలోకి కొట్టి చూసుకోవడం మర్చిపోవద్దు. చేతులు మార్చడం మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది, వారానికి అలవాటైపోతుంది.

దీని పక్కనే షాపు అరలో ఇంకో రకం స్ప్రే ఉంటుంది, చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, పని మాత్రం పూర్తిగా వేరు. ఆక్సీమెటజొలిన్, జైలోమెటజొలిన్ ఉన్న దిబ్బడ స్ప్రేలు. ఇవి ముక్కులోని రక్తనాళాలని కుదించేస్తాయి, నిమిషాల్లో ముక్కు తలుపులు తీసినట్టు తెరుచుకుంటుంది. ఆ హాయికి పడిపోయాను. మూడు నుంచి ఐదు రోజులకి మించి వాడకూడదని డబ్బా మీద రాసే ఉంది, నేను మూడు నెలలు వాడాను. మందు దిగిపోగానే ముక్కు ముందుకన్నా గట్టిగా బిగుసుకుంటుంది, మళ్లీ కొట్టుకుంటాం, మళ్లీ బిగుసుకుంటుంది, చివరికి దిబ్బడ అలర్జీ వల్లనా స్ప్రే వల్లనా అన్నది కూడా తెలియదు. రాత్రి దిండు కింద ఒకటి, బ్యాగులో ఒకటి, బండి డిక్కీలో ఒకటి ఉండేవి. డాక్టరు ఒక వైపు రంధ్రంలో ముందు ఆపించి, రెండు వైపులా స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, తర్వాత రెండో వైపు మాన్పించాడు. ఆ మొదటి వారం నిద్ర లేదు.

దిబ్బడకి మాత్రలు కూడా ఉన్నాయి. సూడోఎఫెడ్రిన్ పని చేస్తుంది కానీ బీపీ పెంచుతుంది, గుండె దడ, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. ఎన్నో జలుబు మాత్రల్లో కలిపే ఫినైలెఫ్రిన్ సంగతి వేరు. నోటితో మింగితే అది దిబ్బడకి పని చేయదని 2023లో ఎఫ్‌డీఏ సలహా కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది, మరుసటి ఏడాది దాన్ని తీసేయాలని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. మాత్ర కొనేముందు వెనక సన్న అక్షరాలు చదవడం మంచిది.

స్టెరాయిడ్ స్ప్రే ఒక్కటీ చాలకపోతే అజెలాస్టిన్ అనే యాంటీహిస్టమిన్ స్ప్రే కలపొచ్చు, రెండూ కలిపిన స్ప్రేలు కూడా దొరుకుతాయి. మాత్ర కన్నా త్వరగా పని చేస్తుంది, కాస్త చేదు. స్టెరాయిడ్ స్ప్రేకి మాత్ర జోడించడం కన్నా ఈ జోడీ నయం. కళ్లే ఎక్కువ బాధిస్తుంటే ఓలోపటడిన్, కీటోటిఫెన్ లాంటి చుక్కలు నేరుగా కంట్లోనే వేసుకోవచ్చు, చల్లటి తడిగుడ్డ కూడా హాయిగా ఉంటుంది. కళ్లు నలపడం ఆపాలి, చెప్పినంత తేలిక కాదని తెలుసు, కానీ నలిపితే మాస్ట్ కణాల నుంచి ఇంకా హిస్టమిన్ కారి దురద రెట్టింపవుతుంది. మాంటెలుకాస్ట్ మాత్ర గురించి ఒక జాగ్రత్త. మనసు మీద, నిద్ర మీద చెడు ప్రభావాలు, ఆత్మహత్య ఆలోచనలు రావొచ్చని 2020లో ఎఫ్‌డీఏ దానికి తన అత్యంత గట్టి హెచ్చరిక పెట్టించింది, మామూలు అలర్జీకి మిగతావి పనికిరానప్పుడే వాడమంది. సీజన్ మొత్తానికీ సరిపోయేలా ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిచేస్తామంటే వద్దనండి, అది ఒళ్లంతా పాకే స్టెరాయిడ్, చిన్న బాధకి పెద్ద మూల్యం.

మందు లేకుండా చేసుకోగలిగినవాటిలో ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడానికి నేను పెద్దపీట వేస్తాను. అంటుకున్న పుప్పొడి, జిగట కొట్టుకుపోతాయి, దాని తర్వాత కొట్టే స్ప్రే నేరుగా పొర మీద పడుతుంది. కానీ కుళాయి నీళ్లు నేరుగా వాడకూడదు. డిస్టిల్డ్ నీళ్లో, బాగా మరిగించి చల్లార్చినవో అయి ఉండాలి, ఎందుకంటే నీటిలో అరుదుగా ఉండే నిగ్లీరియా అనే అమీబా ముక్కు దారిలో మెదడుకి చేరితే దాదాపు ప్రాణాంతకమే. పుప్పొడి ఎక్కువగా ఎగిరే పొడి గాలి రోజుల్లో కిటికీలు మూయడం, బయట మాస్కు, కళ్లద్దాలు, ఇంటికి రాగానే బట్టలు మార్చి పడుకునేముందు తలస్నానం, ఉతికిన దుప్పట్లు ఆరుబయట ఆరేయకపోవడం, ఇవన్నీ కొంత కొంత ఉపయోగపడతాయి. జుట్టులో పుప్పొడి పెట్టుకుని దిండు మీద పడుకుంటే రాత్రంతా దాన్నే పీలుస్తాం మరి. చుట్టుపక్కల దొరికే తేనె తింటే అలర్జీ పోతుందన్న మాట మాత్రం నమ్మకండి. తేనెటీగలు మోసేది పువ్వుల బరువైన పుప్పొడి, మనల్ని ఏడిపించేది గాలికి ఎగిరే గడ్డి, చెట్ల తేలికపాటి పుప్పొడి.

ఛాతీలో పిల్లికూతలు, రాత్రి దగ్గు, ఆయాసం ఉంటే ఇది ముక్కు సమస్యగా మిగల్లేదని అర్థం, ఆస్తమా పరీక్ష చేయించుకోవాలి. 2016 నవంబర్ 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉరుములతో గాలివాన వచ్చింది. అలాంటి వానల్లో గడ్డి పుప్పొడి తడిసి పగిలి మరీ సన్నటి ముక్కలై ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లగలదు. ఆ సాయంత్రం వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకి పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. బాధితుల్లో చాలామందికి అంతకుముందు ఉన్నది ముక్కు అలర్జీ మాత్రమే, తమకి ఆస్తమా ఉందని తెలియదు. ఇక ఒక వైపే దిబ్బడ ఉండటం, ఒక వైపు నుంచే రక్తం రావడం లాంటివి ఉంటే అలర్జీ అనుకుని సరిపెట్టుకోకుండా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి.

పైన చెప్పినవన్నీ బాధని అణిచిపెట్టేవే, అలర్జీని మార్చేవి కావు. మార్చగలిగేది ఇమ్యునోథెరపీ ఒక్కటే. 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ అనే డాక్టరు గడ్డి పుప్పొడి సారాన్ని కొంచెం కొంచెం పెంచుతూ ఇంజెక్షన్లుగా ఇచ్చి చూశాడు. పుప్పొడిలో ఏదో విషం ఉందని, దానికి విరుగుడు పుట్టిస్తున్నానని ఆయన అనుకున్నాడు. ఆ ఊహ తప్పు, వైద్యం మాత్రం పని చేసింది. ఇప్పటికీ పద్ధతి అదే, ఇంజెక్షన్లుగా గానీ నాలుక కింద పెట్టుకునే మాత్రలు, చుక్కలుగా గానీ, ఏ పుప్పొడి పడదో అదే పుప్పొడిని ఒంటికి అలవాటు చేయడం. మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది, మధ్యలో ఆపితే లాభం నిలవకపోవచ్చు, పూర్తి చేస్తే ఆపాక కూడా ఏళ్ల తరబడి ప్రభావం ఉంటుంది. అందరికీ అవసరం లేదు. మందులు సరిగ్గా వాడినా లొంగనివాళ్లకి, పరీక్షలో తేలిన పుప్పొడీ బాధ వచ్చే నెలలూ ఒకదానితో ఒకటి కలిసినవాళ్లకి మాత్రమే. ఆస్తమా అదుపులో లేకపోతే మొదలుపెట్టరు. అరుదుగా ఒళ్లంతా తీవ్రమైన రియాక్షన్ రావొచ్చు కాబట్టి ఇంజెక్షన్ వేశాక అరగంట అక్కడే కూర్చోబెడతారు.

నేను దీన్ని మొదలుపెట్టి రెండేళ్లయింది. ఆ అరగంటలో గోడ గడియారం చూడటం, చేతి మీద దద్దురు ఎంత పెరిగిందో బొటనవేలితో కొలవడం తప్ప పనేమీ ఉండదు. స్ప్రే ఇంకా వాడుతున్నాను, చేతులు మార్చి. ఈ సీజన్‌లో ఒక పొద్దున లెక్కపెట్టాను, తుమ్ములు నాలుగు దగ్గర ఆగాయి.